మూడవ పోర్టు, నాలుగూ ముప్పై ఒకటి

దసరా సెలవుల్లోనూ ఆ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తూ ఉండిన వస్తువు ఒక్కటే. కిటికీ పక్కన గోడకు బిగించిన చిన్న రౌటరు. అరచేతికంటే కొంచెం పెద్దది. తెల్లని ప్లాస్టిక్ పెట్టె, రెండు ఆంటెనాలు, వెనుక ఐదు పోర్టులు. ల్యాబులోని కంప్యూటర్లను కళాశాల సర్వరుతో కలిపేది అదే. కరెంటు పోయినా ఆగిపోకుండా దాని కింద ఒక యూపీఎస్ ఉండేది. నాలుగేళ్ల కిందట దాన్ని అక్కడ బిగించిన రోజున డ్రిల్లు పట్టుకున్నది నేను, స్టూలు పట్టుకున్నది ఫిర్దోస్.

నేను పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పి పదవీ విరమణ చేశాను. ఫిర్దోస్ అక్కడ నా విద్యార్థిని. తరువాత హసన్‌పర్తి రోడ్డులోని ఈ ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. ఆమె అడిగిందనే వారానికి ఒకరోజు అక్కడికి వెళ్లి పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తూ వచ్చాను. అందువల్లనే ఆమె మీద విచారణ వేసినప్పుడు కమిటీలో సాంకేతిక సభ్యుడిగా నన్ను కూర్చోబెట్టారు.

ఆరోపణ ఇది. సెలవులకు ముందు చివరి పనిదినాన, సాయంత్రం నాలుగూ యాభై రెండు నిమిషాలకు, సర్వరులో పద్నాలుగు మంది విద్యార్థుల ఇంటర్నల్ మార్కులు పెరిగాయి. పెంచిన చేయి ఎవరిదైనా, వాడిన పేరు, పాస్‌వర్డు ఫిర్దోస్‌వి. ఏ కంప్యూటర్ నుంచి పెంచారో సర్వరు రాసుకోదు. ఆ పాస్‌వర్డు కరస్పాండెంటు మేనల్లుడు హరీష్‌కు కూడా తెలుసునని ఫిర్దోస్ చెప్పింది. ఆఫీసు వ్యవహారాలు చూసే మనిషి అడిగినప్పుడు ఇవ్వనని అనగల స్థితి కాంట్రాక్టు ఉద్యోగికి ఉండదు. తాను నాలుగున్నరకే కంప్యూటర్ ఆపేసి, తల్లి జుబేదాను దవాఖానకు తీసుకుపోవడానికి వెళ్లిపోయానని కూడా చెప్పింది. కానీ కాంట్రాక్టు వాళ్లకు వచ్చేటప్పుడే వేలిముద్ర, వెళ్లేటప్పుడు లేదు. దవాఖాన చీటీలో తేదీ తప్ప వేళ లేదు. ఆమె మాటకు ఆమే సాక్షి. నేరం ఖాయమైతే ఉద్యోగం పోవడంతో ఆగదు. మార్కులు దిద్దిన మనిషిని వరంగల్‌లో మరే కళాశాలా గడప తొక్కనివ్వదు.

పండుగకు మూడు రోజుల ముందు మేమిద్దరం ల్యాబుకు వెళ్లాం. నా ల్యాప్‌టాప్‌ను కేబులుతో రౌటరుకు కలిపాను.

"సార్, గింత డబ్బ మాట వాల్లు ఇంటరా?" అంది ఫిర్దోస్. "నేను ఇన్ని దినాలసంది చెప్తానే ఉన్న, ఒక్కలు ఇనలేదు."

"నువ్వు జీతం తీసుకునే మనిషివి. ఇది కాదు" అన్నాను.

ఆమె నవ్వింది. వారం తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అది.

రౌటరులో ఒక చిన్న ప్రాసెసరు ఉంటుంది. దానిలోనే ఐదు పోర్టుల మధ్య సమాచారాన్ని మళ్లించే స్విచ్ భాగం కూడా. కేబులు అవతలి కొసన ఉన్న కంప్యూటర్ మేల్కొన్నా, ఆగిపోయినా ఆ స్విచ్‌కు వెంటనే తెలుస్తుంది. వైర్‌లెస్‌లో ఎవరు చేరినా, ఎవరు వెళ్లినా రేడియో భాగానికి తెలుస్తుంది. ప్రాసెసరు ఆ సంగతులను వరుసగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఎవరూ అడగకపోయినా రాసుకుంటుంది, ఎవరికీ చెప్పదు.

చిట్టా తెర మీద తెరుచుకుంది. సెలవుల్లో కొత్త లైన్లు పెద్దగా పడలేదు కాబట్టి పాతవి తుడిచిపెట్టుకుపోలేదు. మేం వెతుకుతున్న సాయంత్రం అక్కడే ఉంది. నాలుగూ ముప్పై ఒకటికి మూడవ పోర్టు లింకు తెగింది. మూడవ పోర్టు కేబులు పోయేది ఫిర్దోస్ కంప్యూటర్‌కే. నాలుగూ నలభై ఏడుకు వైర్‌లెస్‌లో ఒక ల్యాప్‌టాప్ చేరింది. ప్రతి యంత్రానికీ తయారీలోనే పడే పన్నెండు అక్షరాల సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్ సంఖ్య కూడా పక్కనే ఉంది. రౌటరులో మేము స్వయంగా ఎక్కించిన అనుమతి జాబితా తెరిచి పోల్చాను. హరీష్ ల్యాప్‌టాప్. ఐదూ ఇరవైకి అది వెళ్లిపోయింది. మూడవ పోర్టు ఆ సాయంత్రం మళ్లీ మేల్కొనలేదు.

ఫిర్దోస్ తెరను వేలితో ముట్టుకోబోయి ఆగింది.

"గదే సార్. నాలుగు ముప్పై ఒకటి. అమ్మీ ఫోన్ల తిడుతాంది, ఇంక బయటపడ్డవా లేదా అని. గప్పుడే బందుచేసిన."

ఆమె ఫోను తీసింది. "జర ఫోటో కొట్టుకుంటా."

"వద్దు" అన్నాను.

"ఎందుకు సార్?"

నేను కమిటీ సభ్యుణ్ణి. ఆరోపణ ఉన్న మనిషితో కలిసి మూసిన గదిలో తీసిన ఫోటో ఎవరికి ఆధారమవుతుంది? తెర మీద నాలుగు లైన్లు ఎవరైనా టైపు చేయవచ్చు. నకలు తీసినా అంతే. సోమవారం కమిటీ ముందు, అందరూ చూస్తుండగా, ఇదే రౌటరును తెరిచి ఇవే లైన్లు చూపిస్తే కాదనగలిగేవాడు ఉండడు. ఒకడు చూసింది చూపు. పదిమంది మళ్లీ చూడగలిగింది ఆధారం. ఇదంతా ఆమెకు వివరంగా చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను.

ఆమె ఫోను సంచిలో పెట్టుకుంది. "మీరు చెప్తే సరే సార్. గానీ ఇది పోదు గద?"

"కరెంటు ఉన్నంతసేపు పోదు. కింద యూపీఎస్ ఉంది. సెలవులు. ఇక్కడికి వచ్చేదెవరు?"

"తాళంచెవి మనకాడనే ఉంచుకుంటే?"

"నిబంధన ప్రకారం ఆఫీసులో ఇవ్వాలి. రేపు దాని మీద కూడా ప్రశ్న రాకూడదు."

తాళంచెవి ఆఫీసులో ఇచ్చాను. రిజిస్టరులో సంతకం కూడా చేశాను. ఆ రోజు నేను చేసిన ప్రతి పనికీ ఒక కారణం ఉంది, ప్రతి కారణమూ సరైనదే. నాకు తట్టనిది ఒక్కటే. రెండు రోజుల తర్వాత మహర్నవమి. పండుగల తేదీలు నాకు గుర్తుండవు. అలా గుర్తుండకపోవడాన్ని ఒక వయసులో గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా.

సోమవారం ల్యాబులో కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావు, కామర్స్ లెక్చరర్ యమున, నేను. ఫిర్దోస్‌ను తలుపు దగ్గర నిలబడమన్నారు. కుర్చీ వేసుకొమ్మని ఎవరూ అనలేదు. రౌటరు మీద మూడు కుంకుమ బొట్లు, ఆంటెనాకు చుట్టిన బంతిపూల దండ చూశాను. దండ వాడిపోయి ఉంది. అప్పటికీ నాకు భయం కలగలేదు. కుంకుమ ప్లాస్టిక్‌ను ఏమీ చేయదు.

గోడ మీద ప్రొజెక్టరు వెలుగులో చిట్టా తెరుచుకుంది. మొదటి లైను: 1970 జనవరి 1, సున్నా గంటల తొమ్మిది సెకన్లు.

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఓంప్రకాశ్ సార్, నైన్టీన్ సెవెంటీల మన కాలేజీ లేకుండె. నేనే పుట్టలే."

యమున నవ్వు ఆపుకుంది. నేను కిందికి జరిపాను. తొమ్మిది సెకన్ల తర్వాత మరికొన్ని సెకన్లు. ఆ పైన రౌటరు ఇంటర్నెట్ నుంచి అసలు సమయం తెలుసుకుని తేదీ దిద్దుకుంది. ఆ తేదీ మహర్నవమి. దానికి ముందు ఏమీ లేదు.

ఇటువంటి చిన్న రౌటరులో గడియారానికి బ్యాటరీ ఉండదు. పవరు పోయి వచ్చిన ప్రతిసారీ అది తన లెక్కలో కాలం పుట్టిన 1970 జనవరి 1 నుంచి మొదలుపెడుతుంది. ఎవరో దాన్ని ఆపారు. యూపీఎస్‌తో సహా ఆపారు.

"అటెండర్‌ను పిలవండి" అన్నాడు రాజేశ్వర్ రావు.

ఉప్పలయ్య ఆ కళాశాలలో ఇరవై ఏళ్లుగా అటెండరు. నవమినాడు తాళాలన్నీ తీసుకుని, తలస్నానం చేసి వచ్చి, సుత్తి దగ్గర నుంచి జెరాక్స్ మిషను దాకా అన్నిటికీ పసుపు నీళ్లు చల్లి, బొట్టు పెట్టి, గది గదికీ నిమ్మకాయ కోయడం అతని పని. ఎవరూ చెప్పిన పని కాదు. అతను తనది అనుకున్న పని. వచ్చి ఫిర్దోస్ పక్కన నిలబడ్డాడు.

"నవమినాడు ఇక్కడ కరెంటు బందువెట్టినవా?" అడిగాడు రాజేశ్వర్ రావు.

"పెట్టిన సార్. పూజ కాంగనే మల్లేసిన. అర్ధగంట గూడ లేదు."

"ఏటా పెడ్తవా?"

"ఏటా పెట్ట సార్. ఇన్నేండ్లు నడుస్తాంటెనే బొట్టు వెట్టిన. ఈయేడే బందువెట్టిన." అతను చేయి ఎత్తి మెయిన్ స్విచ్ పైన గోడను చూపించాడు. "గా కాయితం సూసి."

అందరూ అటు చూశారు. నేను చూడనక్కరలేదు. అది నా చేతిరాత. నిరుడు దసరా సెలవుల తర్వాత వెళ్లినప్పుడు, కరెంటు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పసుపు నీళ్ల మరకలు కనిపించాయి. ఉప్పలయ్యను నిలబెట్టి గట్టిగా కోప్పడ్డాను. పూజ నీ ఇష్టం, కానీ నీళ్లకూ కరెంటుకూ భక్తి తెలియదు అన్నాను. ఆ తర్వాత కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను: "తుడిచేముందు, నీళ్లు చల్లేముందు మొదట యూపీఎస్, తరువాత మెయిన్ తప్పక ఆపవలెను." కింద సంతకం.

"సార్ అన్నరు గద," ఉప్పలయ్య అన్నాడు, నా వైపు చూస్తూ, కొంచెం మెచ్చుకోలు ఆశిస్తున్నవాడిలా. "ముందుగాల యూపీఎస్, ఎనుక మెయిన్. గట్లనే చేసిన సార్. ఒక్క సుక్క గూడ లోపటికి పోనియ్యలే."

ఫిర్దోస్ భుజాన సంచి సర్దుకుంది.

రాజేశ్వర్ రావు అతన్ని బయటికి పంపి, గొంతు తగ్గించాడు. "సార్, రిపోర్టుల ఇట్ల రాద్దాం. పూజ పేరుతోని అటెండరు నిర్లక్ష్యం చేసిండు, ఆధారం పోయింది. మీరు గూడ ఎన్నో ఏండ్లసంది ఇదే చెప్తాండ్లు గద, ఇసుంటియన్ని మూఢనమ్మకాలని. ఒక్క ముక్కల అయిపోతది."

అది నిజంగానే ఒక్క ముక్కలో అయిపోయేది. ఆ వాక్యం నాకు ఎంత సులువుగా వచ్చేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అలాంటి వాక్యాలు పత్రికలకు ఎన్నో రాశాను. కానీ పూజ రౌటరును ఏమీ చేయలేదు. ఇరవై ఏళ్లు ఆ పూజ ఏ యంత్రాన్నీ చెడగొట్టలేదు. ఈసారి చెడింది నా జాగ్రత్త వల్ల.

"ఉప్పలయ్య తప్పు లేదు" అన్నాను. "ఆపమన్నది నేను. పండుగకు మూడు రోజుల ముందు చిట్టా చూసింది కూడా నేనే. మూడవ పోర్టు నాలుగూ ముప్పై ఒకటికి ఆగింది. నలభై ఏడుకు వచ్చినది హరీష్ ల్యాప్‌టాప్. నా కళ్లతో చూశాను. ఆ మాట రాసి సంతకం పెడతాను."

"ఫోటో ఏమన్న తీసిండ్లా సార్?" అడిగింది యమున. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు; సాయం చేయాలనే అడిగింది.

"లేదు."

"ఆ లైన్లు ఇంకెక్కడన్న దొరుకుతయా?"

దొరకవని నాకు తెలుసు. రౌటరులో రెండు జ్ఞాపకాలు ఉంటాయి. ఒకటి ఫ్లాష్, కరెంటు పోయినా మరవదు. అనుమతి జాబితా, పాస్‌వర్డులు అందులో ఉంటాయి. దాని మీద చెరిపి రాసే మార్లకు ఒక పరిమితి ఉంది కాబట్టి, నిమిషానికొకటి పుట్టే చిట్టాను తయారీదారు అందులో పెట్టడు. చిట్టా ఉండేది ర్యామ్‌లో. అక్కడ ప్రతి అక్షరమూ కారిపోతూ ఉండే విద్యుదావేశం; సెకనుకు పదిహేనుసార్లు దాన్ని మళ్లీ నింపుతూ ఉండాలి. అరగంట కాదు, అర నిమిషం చాలు. జాబితా తెరిస్తే హరీష్ ల్యాప్‌టాప్ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది, అనుమతి ఉన్న యంత్రాలలో మొదటి వరుసలో. ఎవరికి హక్కు ఉందో అది మరవలేదు. ఎవరు ఏమి చేశారో మరిచింది.

"హరీష్ ల్యాప్‌టాప్ తెప్పించి చూడవచ్చు" అన్నాను.

"ఏమని అడుగుదాం సార్? అది ఆయన సొంతం. మీరు చూసిండ్లంట అని అడుగుదామా?" రాజేశ్వర్ రావు కుర్చీలో వెనక్కి వాలాడు. నొప్పించాలని కాదు, మర్యాదగానే అన్నాడు. "సార్, నేను మీరు అబద్ధం చెప్తాండ్లని అంటలేను. గానీ మీరే మా పిల్లలకు చెప్పింది యాదికున్నది. మేడారం జాతర ముందట మీటింగు పెట్టిండ్లు. ఒకామె అమ్మవారు కనపడ్డదంటది, ఆమెకు కనపడ్డది నిజమే కావచ్చు, గానీ ఇంకొకనికి చూపెట్టలేనిది ఆధారం కాదు అన్నరు. చప్పట్లు కొట్టినం. ఇప్పుడు మీకు కనపడ్డది. మేం ఏం చెయ్యాలె?"

అతను అన్యాయం చేస్తున్నాడని నాకు తెలుసు. అతని తర్కంలో తప్పు మాత్రం పట్టలేకపోయాను. పట్టలేకపోవడానికి ఆ తర్కం నాది కావడమే కారణం.

ఫిర్దోస్ తలుపు దగ్గర నుంచి మొదటిసారి మాట్లాడింది. "నేను పోవచ్చా సార్?"

ఎవరిని అడిగిందో తెలియలేదు. రాజేశ్వర్ రావు తల ఊపాడు.

రిపోర్టులో నా అసమ్మతిని విడిగా రాశాను. అది ఫైలులో ఉంది. ఒకటవ తేదీ నుంచి ఆమెను రావద్దన్నారు. పద్నాలుగు మంది మార్కులు మళ్లీ తగ్గించారు. హరీష్ ఆ పనిని దగ్గరుండి చేయించాడని తెలిసింది.

నెల తర్వాత ఉప్పలయ్య ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని హన్మకొండలోని మా ఇంటికి వచ్చాడు. సంచిలో రౌటరు.

"కొత్తది వెట్టిండ్లు సార్. దీన్ని పాతసామాన్ల ఏస్తాంటె, మీకు పనికొస్తదని అడుక్కొచ్చిన." కూర్చోమంటే అరుగు మీద కూర్చున్నాడు. "ఆ పిల్ల నౌకరి నా చేతులతోని పాయె గద సార్."

"నీ చేతులతో కాదు."

"నన్ను బుజ్జగిచ్చుడు ఎందుకు సార్. ఏసింది నేను, తీసింది నేను." లేవబోతూ అడిగాడు: "గా కాయితం ఇంక గోడకే ఉన్నది. ఉంచుదునా, తీద్దునా?"

ఉంచమన్నాను. అందులో రాసింది సరైనదే.

మరునాడు ఉదయం రౌటరును బల్ల మీద పెట్టి విప్పుతుండగా ఫిర్దోస్ వచ్చింది. డోర్నకల్‌లో ఒక ప్రైవేటు బడి కంప్యూటర్ టీచరు కోసం చూస్తోందట. రైల్లో పోయి రావచ్చు. అయితే వెనుక పనిచేసిన చోట ఎందుకు మానేశావని అడిగారట.

"ఒక లెటర్ కావాలె సార్. మీ పేరు చెప్తే, రిటైర్డ్ లెక్చరర్ గద, జర నమ్ముతరేమో."

ఆమె కళ్లు బల్ల మీద పడ్డాయి. పచ్చని బోర్డు, కుంకుమ పొడి గాలి రంధ్రాల గుండా లోపలికి రాలి అక్కడక్కడా అంటుకుని ఉంది.

"ఇందుల ఎక్కడుండె సార్, నా లైను?"

చిమ్టాతో చూపించాను. నడుమ వెండి రేకు కింద ఉన్నది ప్రాసెసరు. మూలన ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు ఫ్లాష్. ప్రాసెసరు పక్కన, బొటనవేలి గోరంత నల్లని చతురస్రం ర్యామ్.

"ఇందులో."

ఆమె వంగి చూసింది. "గింతనా" అని మాత్రం అంది.

నేను కాగితం తీసుకుని రాశాను. ఫిర్దోస్ నా విద్యార్థిని అనీ, నాలుగేళ్లుగా ఆమె పని ఎరుగుదుననీ, ఆమె మీద మోపిన ఆరోపణ అబద్ధమని స్వయంగా చూశాననీ. సంతకం చేసి ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"సార్, సెకండియర్ల ఒక ప్రాక్టికల్ యాదికున్నదా మీకు? డయోడ్‌ది. నాకు కరెక్ట్ రిజల్ట్ వచ్చింది. గానీ రీడింగులు రాసుకోలే. మీరు సున్నా ఏసిండ్లు."

గుర్తుంది. ఆమె ఏడ్చింది కూడా.

"నేను చూసిన సార్, నిజంగ వచ్చింది అన్న. చూసిన అంటే కుదరదు, రీడింగు ఏది అన్నరు." ఆమె గొంతులో కోపం లేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద, బోర్డు పక్కన ఉంచింది. "ఇందుల గూడ రీడింగు లేదు సార్. ఇది చూపెడితే ఇంకో పది ప్రశ్నలు అడుగుతరు. అమ్మీకి బాగలేక మానేసిన అని చెప్త. అది నమ్ముతరు."

"అది అబద్ధం కదా" అన్నాను. అనకుండా ఉండవలసింది.

"అవును సార్. అబద్ధమే" అంది.

రైలుకు టైమవుతోందని వెళ్లిపోయింది. మంచినీళ్లు కూడా తాగలేదు.

నేను బోర్డును బ్రష్షుతో తుడిచి, పెట్టెలో అమర్చి, నాలుగు స్క్రూలు బిగించాను. ప్లగ్గు పెట్టాను. పవరు దీపం వెలిగింది. ఒక నిమిషానికి మిగిలిన దీపాలు ఒకదాని వెనుక ఒకటి పచ్చగా వెలిగాయి. కేబులు కలిపి చిట్టా తెరిచాను. 1970 జనవరి 1, సున్నా గంటల తొమ్మిది సెకన్లు. పోర్టులు ఐదూ ఒక్కొక్కటిగా పరీక్షించాను. మూడవదానితో సహా అన్నీ పనిచేస్తున్నాయి. దానికి ఏ లోపమూ లేదు.